రెండూ పైనే

ఎడిన్‌బరోలో, నేలకింది గదిలో
మూడు తలుపుల వెనక మా ప్రెస్సు.
బీరువా అంత ఇనుము,
పెసరగింజంత రాయిని నొక్కడానికి.

ఈ మంగళవారం మా దగ్గరికొక గ్రహం వచ్చింది.
పేరు లేదు, అంకె ఉంది.
దాన్ని ఎవరూ చూడలేదు.
పదకొండు రోజులకోసారి దాని సూర్యుడు
వెంట్రుకవాసి మసకబారితే
ఏదో అడ్డొచ్చిందని లెక్క కట్టారు.

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అంటారు కదా,
మేం చేసేదీ అదే.
నక్షత్రం వెలుగును పాయలు పాయలుగా విడదీసి
ఇనుమెంత, సిలికా ఎంత, మెగ్నీషియం ఎంత అని
పైఅంతస్తు నుంచి ఐలీ చీటీ పంపుతుంది.
నేను నూరుతాను,
అగేట్ కల్వంలో ఆల్కహాల్ పోసి గంటసేపు,
వేళ్ళ మధ్య పిండి ఉన్నట్టే తెలియనంత మెత్తగా.

ఇనుము ఎక్కువ. ఈసారి మరీ ఎక్కువ.
"ప్లాటినం వద్దు, ఇనుమును తాగేస్తుంది," అన్నాడు కాలమ్.
"గ్రాఫైట్‌లో పెట్టు."
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ గదిలో లేత్ తిప్పుతున్నవాడు.
రోజుకు నాలుగు వాక్యాలు.
రెండు అప్పుడే అయిపోయాయి.

రాయి ఊరికే కరగదు.
చిటికెడు నీళ్ళు తగిలితే తొందరగా మెత్తబడుతుంది,
సోడియం పెరిగినా అంతే.
లోపల ఆక్సిజన్ చాలకపోతే
కార్బన్‌కి గాలి అయ్యే యోగం లేదు,
పెన్సిల్ ముక్కలా నల్లగా అక్కడే కూచుంటుంది.
ఏది కక్కాలో, ఎప్పుడు కక్కాలో
కొండకేం తెలుసు,
కడుపులోని దినుసులదే పెత్తనం.

కరిగింది తేలికైతే పైకొస్తుంది.
పైకొస్తే కొండ, పొగ.
పొగ పేరుకుని పేరుకుని, గాలి.
మరి కరిగింది బరువైతే?

అందుకే రెండు ఆలివీన్ రవ్వలు, ఆకుపచ్చవి.
పిండి అడుగున ఒకటి, పైన ఒకటి.
మూత.
ముప్పై వేల వాతావరణాల బరువు.
పదహారు వందల డిగ్రీలు.
పది నిమిషాలు.

ఆ పది నిమిషాలూ నేను చూసేది ఒక ముల్లును.
నీళ్ళ పంపు గురక.
కాలమ్ టీలో బిస్కెట్ ముంచాడు, విరిగింది,
చెంచాతో అడుగున వెతుకుతున్నాడు.

కరెంటు ఆపాను.
మంట అక్కడికక్కడే గాజై నిలిచిపోయింది.

మర్నాడు నిలువుగా కోసి, వజ్రపు పొడితో అరగదీసి
మైక్రోస్కోపు కింద పెట్టాను.
నల్లటి గాజు.
అడుగున రవ్వ లేదు.
తిరగేసి పెట్టానేమోనని
గీత గీసుకున్న వైపు మళ్ళీ చూసుకున్నాను.
రెండూ పైనే.
పక్కపక్కన, అంచుకు ఆనుకుని.

అంటే అక్కడ రాయి తేలుతుంది,
నిప్పు మునుగుతుంది.
కరిగిందల్లా కిందికి, ఇంకా కిందికి జారిపోతుంది.
కోట్ల ఏళ్ళలో ఒక్క కొండ లేవదు,
ఒక్క పొగచార లేదు.

ఐలీ మెట్లు దిగి వచ్చి చూసింది.
ఆ గ్రహం మీద గంధకపు జాడ వెతకడానికి
మూడేళ్ళుగా టెలిస్కోపు గంటలు అడుగుతోంది.
కోటు బొత్తాం తిప్పుకుంటూ కాసేపు నిలబడి
"ఇంకోసారి చేద్దామా" అంది.

ఆమె వెళ్ళాక కాలమ్ మూడో వాక్యం వాడాడు:
"అందరూ అరవాలనేముంది."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని
మావాళ్ళూ అంటారని చెప్పబోయాను.
ఇంగ్లీషులో ఆ కడుపు, ఆ కాళ్ళు కుదరలేదు.
ఊరుకుని, లాగ్‌బుక్కు తీశాను.

సాయంత్రం ఆర్థర్స్ సీట్ పక్కనించి నడిచాను.
ముప్పై నాలుగు కోట్ల ఏళ్ళ కింద
చెప్పాల్సిందేదో చెప్పేసిన కొండ.
పసుప్పచ్చ ముళ్ళపూలు, వాన తుంపర,
యజమానిని లాక్కుపోతున్న తడి కుక్క.
రాతి మీద చెయ్యి పెట్టాను.
దీన్లోనూ అవే రవ్వలు,
ఎప్పుడో మంటలో కిందికి దిగినవి.

చల్లగా ఉంది.
గోళ్ళలో గ్రాఫైట్ ఇంకా పోలేదు.