సస్పెన్స్ ఖాతా

మార్చి ఇరవై ఎనిమిది. కరెంటు పోయి వచ్చింది.
రాజమండ్రి కార్పొరేషన్ రెండో అంతస్తులో
లెక్కల విభాగం ఫ్యాన్లన్నీ ఒక్కసారే మూలిగాయి.
నా బల్ల మీద చెక్క: ప్రోగ్రామ్ మేనేజర్.
పదకొండు నెలలకోసారి కొత్త సంతకంతో
మళ్లీ పుట్టే ఉద్యోగం.
ఏం చేస్తావని అడిగితే చెప్పడం కష్టం.
రోడ్డు వెయ్యను, మురుక్కాలువ తియ్యను.
వేసినవాడి బిల్లు, తీసినదాని కూలి
ఏ పద్దులోంచి ఏ పద్దులోకి
తడవకుండా దాటాలో చూస్తాను.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
పలక ఎత్తితే నీరు, దించితే తగువు.
శివారు పొలాలవాళ్లు లాంతరుతో వచ్చి
లాకు గోడ మీద కూర్చునేవారు,
తిట్టకుండా, కదలకుండా.
"పైన వదిలారు గదా, మాదాకా ఎందుకు రాదు?"
నాన్న దగ్గర జవాబు లేదు, పుస్తకం ఉండేది.
ఓ రాత్రి ఎవరికీ చెప్పకుండా అర పలక ఎత్తాడు.
పొద్దున్నే పుస్తకంలో "కారుడు" అని రాశాడు.
ఆ మాట మీద సిరా కాస్త ఎక్కువ పడింది.

నాకు పుస్తకం లేదు, డాష్‌బోర్డు ఉంది.
ఈ నెల పని ఒక్కటే:
సస్పెన్స్ ఖాతా సున్నా చెయ్యాలి.
ఎవరు కట్టారో తెలిసీ ఎందుకో తెలియనివి,
ఎందుకో తెలిసీ ఎవరో తెలియనివి,
కుళాయి పన్ను పోయి ఖాళీ జాగాలో పడ్డవి,
ఓ కల్యాణమండపం రెండుసార్లు కట్టిన చెత్త రుసుము,
చేపల బజారు పాటలో
ఓడిపోయినవాడు మర్చిపోయిన ధరావతు.
మూడు వందల పద్నాలుగు వరుసలు.
యేసుపాదం గారూ నేనూ చలానాలు పరుచుకుని
పులస ముళ్లు ఏరినట్టు ఏరాం.

ఒక్క పేరు మిగిలింది. పంతాడి సూరాయమ్మ.
నాలుగు వందల పన్నెండు రూపాయలు,
ఆరు నెలలకోసారి, తొమ్మిదేళ్లు.
ఇంటి పన్నే.
ఇల్లే లేదు.
గట్టు రోడ్డు వెడల్పు చేసినప్పుడు
ఆ వరసంతా కంకరైంది.
అసెస్‌మెంటు కొట్టేశారు. కంప్యూటర్ ఆమెని ఎరగదు.

కబురు పెడితే వచ్చింది,
ఎండుచేపల గంప కింద వాచ్‌మన్ దగ్గర దింపి.
మొత్తం ఏడు వేల నాలుగు వందల పదహారు,
వెనక్కి ఇచ్చేస్తామన్నాను.
నా ముఖంలోకి చూసింది,
తూకంలో మోసం పట్టుకున్నట్టు.
"ఆయ్, ఇల్లు లేదని నాకు తెల్సండి.
కూల్చింది నా ఎదరే గదండి.
డబ్బులొద్దండి. రసీదు మానెయ్యకండి.
అందులో డోరు నంబరు పడతాదండి.
ఆ నంబరు ఇంకెక్కడా పళ్ళేదండి."

యేసుపాదం గారు కళ్లజోడు తీశారు.
"పన్ను కట్టని ఇళ్లు చూశాను మేడమ్,
ఇరవై తొమ్మిదేళ్లలో.
ఇల్లు లేని పన్ను..."
ఇంతలో టీ వచ్చింది. ఆ మాట అక్కడే ఆగింది.

ఏ పద్దులో వెయ్యాలి దీన్ని?
పన్ను కాదు, ఆస్తి లేదు.
విరాళం కాదు, ఆమె ఏమీ ఇవ్వడం లేదు.
అద్దె అందామంటే, దేనికి?
ఆమె తన పాత గడపకి అద్దె కడుతోందని
ఏ కోడు నంబరు కింద రాయను?

ముప్పై ఒకటో తారీఖు, రాత్రి పదకొండున్నర.
సర్వరు గుండ్రంగా తిరుగుతోంది.
గళ్లన్నీ పచ్చబడ్డాయి, ఒక్కటి తప్ప.
ఫోనులో కమిషనర్ గారు:
"సున్నా ఎందుకు కాలేదు?"
పరిశీలనలో ఉంది సార్.
"ఎన్నాళ్లు?"
కిటికీ అవతల వంతెన మీద గూడ్సు బండి
తాపీగా వెళుతోంది.
అది దాటేదాకా
ఏమీ వినపడనట్టు ఊరుకున్నాను.

ఏప్రిల్ రెండో వారం. కింద కౌంటరు దగ్గర
పంతొమ్మిదో రసీదు.
రిబ్బను ఎండిపోయి
డోరు నంబరు సగం వెలిసిపోయింది.
మళ్లీ తియ్యమననా అన్నాను.
వెలుతురుకి ఎత్తి పట్టి చూసుకుంది.
"చాల్లెండి. కనపడతంది."