రెండువందల పద్నాలుగు మీటర్లు

మా తాత వెండెలీన్ ఈ పరుగుని గొలుసుతో కొలిచాడు.
సర్వే ఆఫీసు గొలుసు, ఇరవై మీటర్లది.
ఒక కొస ఆయన చేతిలో,
రెండో కొస రొట్టెల బట్టీ కుర్రాడు గెయ్జా చేతిలో.
రెండువేల నూట తొమ్మిది సార్లు వంగి లేచారట,
ఆపైన ఇంకో ముక్క.
లుబ్నా నది ఒడ్డమ్మట వెళ్ళి,
తోళ్ళ కార్ఖానా సందులో ముక్కు మూసుకుని,
పాత వంతెన దాటి
చర్చి గడియారం కింద ఆగేదాకా.

మొదటి ఏడు పద్నాలుగు మంది.
ఇద్దరు గనిలోంచి అటునుంచటే వచ్చారు,
ఒకడు పోస్ట్‌మాన్,
ఒకడు సారా కొట్లో పందెం కాసి, పనిబూట్లతో.
ఆరుగురే చివరికంటా చేరారు.
మా నాయనమ్మ గుండిగలో పులిసిన క్యాబేజీ సూప్ కాచి
చేరినవాడికల్లా ఓ గిన్నెడు పోసింది.
మిగిలింది చూడ్డానికొచ్చినవాళ్ళు తాగేశారు.
అప్పట్నుంచి ఏటా, అక్టోబరు మొదటి ఆదివారం.

యుద్ధం ఏళ్ళలో మారథాన్ లేదు.
జనం పరిగెత్తారు గానీ ఎవరూ కొలవలేదు.
వెనక్కి పోతూ పోతూ సైన్యం వంతెన పేల్చేసింది.
మా తాత మూడు వేళ్ళ కుడిచేత్తో తిరిగొచ్చాడు.
గెయ్జా రాలేదు.

కొత్త వంతెన తిన్నగా కట్టారు,
తోళ్ళ సందు వంపు తగలకుండా.
కంపు తప్పిందని ఊరంతా సంతోషించింది.
దారి మళ్ళీ కొలవాలని ఎవరికీ తోచలేదు.
తాతకి తోచే ఉంటుంది.
రెండో కొస పట్టుకోమని
ఇంకొకర్ని పిలవలేకపోయాడేమో.
నేనెప్పుడూ అడగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు
మా ఊరు ఒక అబద్ధాన్ని రొమ్ము విరుచుకుని పరిగెత్తింది.
రికార్డులు బద్దలయ్యాయి.
కొండగాలి మహిమ అని పేపర్లు రాశాయి.
వీధుల పేర్లు రెండుసార్లు మారాయి,
మేయర్లెంతమందో,
సూప్‌లో మిరియాలు కూడా తగ్గాయి ఒకప్పుడు.

తర్వాత రాజధాని నుంచి ఒకావిడ
సైకిల్ చక్రానికి మీటరు బిగించుకుని దిగింది.
రెండు రోజులు తొక్కింది.
మూడో రోజు పొద్దున్నే ఒక చీటీ
కాలిన పెనం అందించినంత జాగ్రత్తగా
కమిటీలో ఉన్న మా అమ్మకి అందించింది.
రెండువందల పద్నాలుగు తక్కువ.

ఉత్తరాలు వెళ్ళాయి.
"తమరు పరుగు పూర్తిచేయలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.
మిగిలిన దూరము మే నెలలో వచ్చి పూర్తి చేయగలరు."
కొందరు బూతులు తిరగరాశారు.
ఒకాయన పతకం పార్సెల్ కట్టి పంపాడు,
తపాలా ఖర్చు మా నెత్తినే వేసి.

ఆ రోజు ఇంకా తెల్లారకముందే
తాత నన్ను లేపాడు. నాకు పన్నెండేళ్ళు.
అటకమీది గొలుసు తుప్పు వాసనేస్తోంది.
"రెండో కొస పట్టుకో" అన్నాడు.
చర్చి గడియారం నుంచి బజారు వీధి దిగువకి
పదిసార్లు వంగి లేచాం.
మిగతా పద్నాలుగు మీటర్లకీ
ఆయన వంగలేదు, మోకాళ్ళమీద కూర్చుని కొలిచాడు.
చేపల కొట్టు గుమ్మం దగ్గర సుద్దగీత గీసి
చాలాసేపు లేవలేదు.

పందొమ్మిది మంది వచ్చారు.
నడిచినవాళ్ళు, కుంటినవాళ్ళు, మనవడి భుజం పట్టుకున్న ఒకాయన.
నిజంగా పరిగెత్తినవాడు ఒక్కడే, వాడూ జారిపడ్డాడు.

అందరి వెనకా, పిలవని పేరంటానికి వచ్చినట్టు
చేతిసంచితో ఒకావిడ. పేరు ఒతీలియా.
యాభై ఎనిమిదిలో ఇరవై ఏడో స్థానం బొహుస్లావ్ తనేనంది.
అన్నకి జ్వరం,
అన్న నంబరు, అన్న టోపీ, కాళ్ళు మాత్రం తనవి.
కమిటీ వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.
ఆవిడ ఆగలేదు, నడిచేసింది.
సగంలో సంచి కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుని,
మళ్ళీ సంచి ఎత్తుకుని.
స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది.
ఎప్పట్నుంచి లెక్కపెట్టాలో నాకు తెలీలేదు.

సుద్దగీత దాటగానే
ఏ పేరు రాయమంటారని అడిగింది మా అమ్మ, కలం తీసి.
"అది తర్వాత" అంది ఒతీలియా.
"ఆ ఏడు నేనొచ్చేసరికి గుండిగ ఖాళీ.
ముందు సూప్ పొయ్యండి."