స ఎక్కడ

యానాంలో రోజలిన్ టీచర్
మెలోడికా మెట్లకి తెల్ల స్టిక్కర్లంటించింది:
దో, రే, మి.
మా బడి పుస్తకంలో అవే సి, డి, ఇ.

వీరాస్వామి తాత, సన్నాయి ఆనే పెదాలతో
గొట్టం కరిచిపెట్టి
మొదటి నల్లమెట్టు నొక్కాడు.
"ఇదిగో నా స."
"అది ఎఫ్ షార్ప్, తాతా."
"నా ఊపిరికా సంగతి తెలీదే."

నిరుటి వరదకి మా లంక
అరమైలు దిగువకి జరిగింది.
పట్టాలో సర్వే నెంబరు మాత్రం కదల్లేదు,
గోదాట్లో నడుంలోతున ఉంది.
మేం కొత్త ఇసకలో పుచ్చ పెట్టాం.
కాపు బాగానే వచ్చింది.

రేపు టీచరడిగితే
టీచర్ చెప్పిందే చెప్తాను.
ఇవాళ ఆ నల్లమెట్టు మీద
నీలం పెన్నుతో స రాసుకున్నా.
లైటుకి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప
కనపడదు.