ఉత్తరపు గోడ

మేడిలంక చర్చికి సున్నం వెయ్యడానికి
పంటు మీద నాలుగు గానుగ సున్నం బస్తాలు, ఒక తాపీ,
నానబెట్టిన కరక్కాయల డబ్బాతో దిగాను.
ఏటిగట్టు మీంచి చూస్తే
కొబ్బరితోటలో దారి తప్పిన కోటలా ఉంది.

ఎవరో దొర కట్టించాడట.
వాళ్ళ ఊళ్ళో వెయ్యేళ్ళ నాటి గుడి ఉండేదట.
దాన్ని కళ్ళు మూసుకుని చూసి
కళ్ళు తెరిచి ఇక్కడి ఇటుకలోళ్ళకి చెప్పాడట.
అందుకే ఈ గోడలు రెండు మూరల మందం.
అందుకే ఈ కిటికీలు చలికి భయపడ్డట్టు
కళ్ళు చికిలించుకుని ఉంటాయి,
రోళ్ళు పగిలే ఎండలో కూడా.
మంచు జారిపోవాలని నిటారుగా పెట్టిన కప్పు మీంచి
నూట యాభై ఏళ్ళుగా
మన వాన ఒక్కటే జారుతోంది.

మంచు ఎరగని చేతులు మంచు కోసం కట్టాయి.
తప్పు పట్టను.
చెప్పినట్టు కట్టడమే మా పని కూడా.

వెనకాల దొరగారి పసిబిడ్డ సమాధి.
పేరు అరిగిపోయిన పలక మీద
ఎవరో గుమ్మడి వడియాలు పెట్టారు.

గోడతో మాట్లాడాలంటే తాపీ పిడితో కొట్టాలి.
తూర్పు గోడ గట్టిగా పలికింది.
దక్షిణపు గోడ బొంగురుగా. చెమ్మ.
ఉత్తరపు గోడ మధ్యలో,
నా ఎత్తున, ఇంకో జానెడు పైదాకా,
బోలుగా,
లోపల ఎవరో ఉండి "ఊఁ" అన్నట్టు.

పెచ్చు ఊడదీశాను.
కింద కమాను. కమాను నిండా వేరే ఇటుకలు.
దొర ఇటుకలు అచ్చు పోసినట్టు సమానం.
ఇవి వంకర టింకర, ఒంటి నిండా ఊక చారలు,
పాలెం ఆవంలో కాలినవి.

కమిటీ ప్రెసిడెంటు సొలొమోను గారు సంతోషపడ్డారు:
"బోలుగా ఉందా? పగలగొట్టెయ్. ఏసీ అక్కడ పెట్టిద్దాం."

మెట్టు మీద చింతపండు పిక్కలు తీస్తున్న తబితమ్మ
తల ఎత్తకుండా అంది:
"అది మా తలుపు."

మా అంటే పాలెం వాళ్ళం.
పడమటి వాకిలి పెద్ద వీధి వాళ్ళది, బెంచీలు కూడా.
మేం ఇట్నుంచి వచ్చి చాపల మీద కూచునేవోళ్ళం.
పాట ఒకటే, రొట్టె ఒకటే,
గుమ్మాలు రెండు.
యాభై మూడు వరదకి
ఊరంతా గంట మెట్ల మీదికి ఎక్కేసింది.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఎవరి ఒళ్ళో ఎవరి పిల్లలో చీకట్లో తెలీలేదు.
నేను తాగిన అంబలి ఎవరింటిదో
ఇప్పటికీ తెలీదు.
నీళ్ళు తీశాక ఓ పొద్దున్న చూస్తే
తలుపు లేదు. గోడ ఉంది, తడిగా.
ఆ ఆదివారం అందరం పడమట నుంచే వెళ్ళాం.
పెద్ద వీధిలో ఒకరిద్దరు రాలేదు.
ఆ ఒకరిద్దరూ మరింక రానేలేదు.

"ఎవరు కట్టారమ్మా?"
"ఇటుకలు మావేగా" అంది.
నవ్విందో, పొరబోయి దగ్గిందో.

ఒక ఇటుక మీద బొటనవేలి ముద్ర,
పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తినవాళ్ళది.
నా వేలు పెట్టి చూశాను. పట్టలేదు.
ఆడమనిషిదో, పిల్లదో.

ప్రెసిడెంటు గారితో అన్నాను:
"అది పగిలితే పైన గోడ దిగిపోద్దండి."
సగం అబద్ధం.
ఏసీ దక్షిణపు గోడకి పెట్టించారు.
చెమ్మకి ఆర్నెల్లు తిరక్కుండా పాడైందని విన్నాను.

సున్నమైతే వేశాను, ఆ ముద్ర మీద కూడా.
డబ్బు తీసుకున్న పని.
కమాను చుట్టూ మాత్రం తాపీ మొనతో
గోరు లోతు గీత వదిలాను.
మామూలు రోజుల్లో కనపడదు.
ఉత్తరపు గోడకి ఎండ తగిలేది ఏడాదిలో కొన్నాళ్ళే.
రోహిణి కార్తెలో, పొద్దు వాలే వేళ,
ఏటి అవతల నుంచి ఏటవాలుగా.
అప్పుడు ఓ పావుగంట
అక్కడ తలుపు ఉంటుంది.

ఉండాలి.
నేను చూడలేదు.
సున్నం వేసింది మాఘంలో.