తోడు

రాత్రి పదకొండింటికి కంప్యూటర్
నల్లటి తెర మీద ఒక్క తెల్లవాక్యం రాసి
మౌనవ్రతం పట్టింది.
ఆపరేటింగ్ సిస్టమ్ కనబడటం లేదట.

నాకు మాత్రం ఎప్పుడు కనబడింది గనక?
కాళ్ల కింద నేలలా ఉందనుకున్నానంతే.

డిస్క్ లేదు.
డిస్క్ మింగే నోరు కూడా లేదు దీనికి.
వైయాలాలో పాతసామాన్ల కొట్లో కొన్నప్పుడే
పెట్టె లేదు, కాగితం లేదు,
అడుగున సగం అరిగిన అంకెల స్టిక్కరొకటి,
కీల సందుల్లో ఉక్కు ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము.

లోపల మాత్రం ఊరి నడుములన్నీ ఉన్నాయి.
ఆరేళ్లుగా నేను బిగించినవి, వదులు చేసినవి.
ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రాళ్ల భుజాలు,
శనివారం పెళ్లి చేసుకోబోయే బ్రయొనీ
మెడ నుంచి మడమ దాకా.
కుట్టుమిషనైతే విప్పి నూనె వేసేదాన్ని.
దీన్నెక్కడని విప్పను?

పక్కింట్లో లైటు వెలుగుతోంది.
గ్వెండా పాస్కో. ఓడల యార్డులో క్రేన్ నడిపిన మనిషి.
మోకాళ్లు నిద్రపోనివ్వవు.
"కాస్త తోడు కావాలి" అనబోయాను.
ఆ మాటకి ఇంగ్లిష్ లేదు నా దగ్గర,
పెరుగుకీ మనిషికీ ఒకటే మాట మాకు.
"పెన్‌డ్రైవ్ ఉందా?" అన్నాను.

దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదని
గిన్నె బోర్లించేసేది మా మేనత్త.
గ్వెండాకి ఆ సంగతి తెలీదు.
తాళాలగుత్తి నుంచి ఊడదీసి
ప్లాస్టిక్ కటిల్‌ఫిష్‌తో సహా
తన కంప్యూటర్‌కి గుచ్చింది.
గంటన్నర.
వాన గురించి మాట్లాడుకుందామంటే
ఈ ఊళ్లో వాన ఉండదు.
తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగి
పావుగంట ఆలోచించింది అది.

ఇద్దరం నా ఇంటికొచ్చాం.
ఏ క్షణంలో నొక్కాలో తెలీక
వాకిలి తలుపు బాదినట్టు ఒకటే కీని బాదాను.
తెరుచుకుంది. ఏ భాష? అంది.
టాటార్‌కీ థాయ్‌కీ మధ్య
వరసలో నిలబడి ఉంది తెలుగు.
పలకరించినట్టు ఒక్క క్షణం ఆగి
ఆస్ట్రేలియా ఇంగ్లిష్ నొక్కాను.
ఏ గడియారం? అంది.
అడిలైడ్. అరగంట దగ్గర చీలిన కాలం,
మన కాలానికి మల్లేనే.

ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా? అంది.

గ్వెండా నావైపు చూడలేదు.
బరువు దించేటప్పుడు
క్రేన్ నడిపేవాళ్లతో ఎవరూ మాట్లాడరట.
సరే నొక్కాను.

తోడేసిన గిన్నెని కదపకూడదు.
మేం కదపలేదు.
రెండింటికి నీలంగా గట్టిపడింది తెర.
నీ పేరేమిటి? అని అడిగింది
నన్నెన్నడూ ఎరగనట్టు.
హైమావతి, ఒక్కో అక్షరం కొట్టి చెప్పాను.

పొద్దున్నే బ్రయొనీని మళ్లీ స్టూలెక్కించాను.
"మొన్ననేగా కొలిచారు?"
"మళ్లీ కొలుస్తా."
మొన్న ఇరవై తొమ్మిదిన్నర. అది గుర్తుంది.
ఇవాళ ఇరవై ఎనిమిది ముప్పావు.
పెళ్లి హడావుడి తినేసిన ముప్పావు అంగుళం.
చెరిగిపోకపోయుంటే
పాత అంకెకే కుట్టి ఉండేదాన్ని.

గ్వెండా పెన్‌డ్రైవ్ తిరిగివ్వాలి.
గిన్నె ఖాళీగా పంపకూడదు కదా,
ఆవిడ ప్యాంటు అంచు విప్పి కూర్చున్నాను.
ఒక కాలు పొట్టి.
ఏ కాలో రాసుకోలేదు.
అడుగుతాను.