పసుపు స్వెటర్

పదకొండేళ్లు
హిసానో స్వెటర్ మీద గళ్లు నేనే గీశాను.
పేజీకి నాలుగొందల గీతలు,
కిటికీ అవతల ఒనోమిచి పడవలు వచ్చీపోతుంటే.
అరిగిపోయిన స్కేళ్లు మూడు ఇంకా సొరుగులో ఉన్నాయి.

టోక్యో స్టూడియో వాళ్లు నడుం వంచి మర్యాదగా చెప్పారు:
కదిలే బొమ్మకి గళ్లు బరువు, కురామొచి గారూ.
గళ్లు పోయాయి. సాదా పసుపు మిగిలింది.
గడ్డం కింద మచ్చ కూడా పోయింది.
అది ఎవరి మచ్చో వాళ్లు అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నాన్న పడవ తిరిగిరాని రోజు
మా హిసానో మూడు పేజీలు మాట్లాడదు.
టికెట్లు చింపుతుంది, అంతే.
టీవీలో వెక్కి వెక్కి ఏడ్చింది, వెనక వయొలిన్.
నేను రిమోట్ కోసం తడుముకున్నాను.
ఆవిడ కమలాపండు ఒలుస్తూ
"దీని గొంతు ఇలా ఉంటుందా" అంది,
పక్కింటి పిల్ల గురించి అన్నట్టు.

మర్నాడు అదే బల్ల, అదే సిరా,
నూట నలభయ్యో అధ్యాయం.
గళ్లు నింపుతూ తలెత్తి చూశాను:
హిసానో నోరు కొంచెం తెరుచుకుని ఉంది.
పక్కన మాటల బుడగ, ఖాళీగా.
ఆవిడ కలం గాల్లో ఆపి
వింటోంది.