ఒక్కపొద్దు

కావలి ట్రంకు రోడ్డులో మా మెస్సు.
మామిడి ముక్కలేసి కొర్రమీను పులుసు దించుతాను,
చుక్క నాలికకి తగలనీను.
చేప పడదు. చింతపండు పడదు.
పాలూ గోధుమా ఎప్పుడో పోయాయి,
పోయినేడు వంకాయ కూడా
చెప్పకుండా వెళ్లిపోయింది.

“ఉప్పు చూడు మే” అని
పెంచలమ్మ కూతురికి గరిటె చాస్తాను.
అది చప్పరించి కనుబొమలు ముడేస్తే
ఇంకో చిటికెడు.
నవ్వితే మూత పెడతాను.

గిరాకీ తగ్గాక నా పళ్లెం:
అన్నం, సొరకాయ, ఉప్పు.
“ఏందక్కా, ఒక్కపొద్దా?” అంటాడు లారీ మాలకొండయ్య.
జబ్బంటే ప్రతివాడూ మందు చెబుతాడు,
మొక్కంటే ఎవరూ ఏమీ అనరు.
అందుకే దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటాను.

ఈ వారంలో శనివారం మూడుసార్లొచ్చింది.
మాలకొండయ్య లెక్కపెట్టుకోలేదు,
ఇంకో గరిటె పులుసు పొయ్యమన్నాడు.